టీమ్ లీడ్ అయ్యారా? మోటివేషన్ స్పీచ్ కాసేపు పక్కన పెట్టండి

 

ఈ రోజు టాపిక్ చాలామంది అడిగిందే. "అన్నా, నన్ను టీమ్ లీడ్ చేశారు. నా కింద ఐదుగురు ఉన్నారు. వాళ్లని ఎలా మోటివేట్ చేయాలో తెలీట్లేదు" అని. అడిగేవాళ్ల వయసు చూస్తే ఇరవై ఆరు, ఇరవై ఏడు, మహా అయితే ముప్పై. నిన్నటి దాకా పక్క సీట్లో కూర్చుని టీకి వెళ్లిన ఫ్రెండే ఈ రోజు లీవ్ అప్రూవ్ చేయమని మీకు మెయిల్ పెడతాడు. జీతం కొంచెం పెరుగుతుంది, మీటింగులు మాత్రం బాగా పెరుగుతాయి. మనుషులతో ఎలా పని చేయించాలో ఎవరూ నేర్పరు. బీటెక్‌లో నాలుగేళ్లు కూర్చున్నాం కదా, ఒక్క సబ్జెక్ట్‌లో అయినా చెప్పారా? లేదు.

అందుకని ఏం చేస్తారంటే, ఫోన్ తీసి మోటివేషన్ వీడియోలు చూస్తారు. సోమవారం పొద్దున మీటింగ్ పెట్టి, "గైస్, ఈ క్వార్టర్ మనం ఇరగదీయాలి" అని మొదలుపెడతారు. అవతల ఐదుగురు కెమెరా ఆఫ్ చేసుకుని వింటుంటారు. మీటింగ్ అయిపోతుంది, పని మాత్రం ఎలా ఉందో అలానే ఉంటుంది.

నేనొక ప్రశ్న అడుగుతాను, ఆలోచించండి. కొత్తగా జాబ్‌లో చేరిన పిల్లాడినో, అమ్మాయినో ఎప్పుడైనా గమనించారా? మొదటి రోజు తొమ్మిదికి రమ్మంటే ఎనిమిదిన్నరకే వచ్చేస్తారు. ఐడీ కార్డ్ మెడలో వేసుకుని ఫోటో దిగి, ఇంట్లో వాళ్ల గ్రూప్‌లో పెడతారు. ఎవరేం చెప్పినా నోట్‌బుక్‌లో రాసుకుంటారు. వాళ్లకి ఎవరు స్పీచ్ ఇచ్చారు? ఎవరూ ఇవ్వలేదు. మోటివేషన్ ఇంటి దగ్గర నుంచి తెచ్చుకున్నారు. మరి అదే మనిషి ఏడాది తిరిగేసరికి "మనకెందుకు బ్రో, చెప్పింది చేసి లాగౌట్ అయిపోదాం" అంటున్నాడు. మధ్యలో ఏం జరిగింది?

నా ఉద్దేశంలో లీడర్ అడగాల్సిన ప్రశ్న ఇదే. కుండ నిండుగానే వచ్చింది. ఎక్కడో చిల్లు పడింది. చిల్లు అలా ఉంచేసి మీరు వారానికోసారి చెంబుడు నీళ్లు పోస్తే ఏం లాభం? ఈ రోజు మూడు చిల్లుల గురించి మాట్లాడుకుందాం: భయం, క్రెడిట్, "ఎందుకు" అనే ప్రశ్న.

మొదటిది భయం. దీనికి మన శ్రీహరికోటలో జరిగిన కథ చెప్తాను. మీలో చాలామంది వినే ఉంటారు, వాట్సాప్‌లో కూడా తిరుగుతుంటుంది. కానీ అందులో ఒక ముక్క ఎప్పుడూ వదిలేస్తారు. అది చెప్పడానికే మళ్లీ మొదలుపెడుతున్నా.

1979 ఆగస్టు 10. ఎస్‌ఎల్‌వి-3 రాకెట్ మొదటి ప్రయోగం. ప్రాజెక్ట్ డైరెక్టర్ అబ్దుల్ కలాం గారు. ఇస్రో చైర్మన్ సతీష్ ధావన్ గారు. కౌంట్‌డౌన్ చివర్లో కంప్యూటర్ ప్రయోగాన్ని ఆపేసింది, ఏదో తేడా ఉంది అని. నిపుణులు లెక్కలు చూసి "పర్లేదు, వెళ్లొచ్చు" అన్నారు. వెళ్దామని నిర్ణయం తీసుకున్నది కలాం గారు. మొదటి దశ బాగానే పనిచేసింది. రెండో దశలో కంట్రోల్ పోయింది. ఐదు నిమిషాలు దాటగానే రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. ఏళ్ల తరబడి చేసిన పని అది.

ఇప్పుడు మన ఆఫీసుల్లో అయితే ఏం జరుగుతుంది? "ఎవరు అప్రూవ్ చేశారు? మెయిల్ ఉందా? నన్ను సీసీలో పెట్టారా?" ఇదే కదా. బయట ప్రెస్ వాళ్లు కాచుకుని ఉన్నారు. ధావన్ గారు కలాం గారిని వెంటబెట్టుకుని వెళ్లి, మైక్ తనే తీసుకున్నారు. బాధ్యత తన మీద వేసుకున్నారు. ఈ టీమ్ మీద తనకి నమ్మకం ఉందని, ఏడాదిలో సాధిస్తారని చెప్పారు. ఇది కలాం గారే తర్వాత ఎన్నో సభల్లో చెప్పిన విషయం.

అందరూ ఇక్కడ ఆపేస్తారు. "చూశారా, ఎంత గొప్ప మనసో" అని. గొప్ప మనసే, కాదనను. కానీ మీరు లీడ్ అయితే దీని తర్వాత జరిగింది చూడాలి. రాకెట్ ఎందుకు పడిందో వెతకాలి కదా. వెతికితే ఏం తేలింది? రెండో దశ కంట్రోల్ సిస్టమ్‌లో ఒక వాల్వ్ మలినం అడ్డుపడి తెరుచుకునే ఉండిపోయింది, అందులోంచి యాసిడ్ లీకైపోయింది. చిన్న వాల్వ్! ఇంత చిన్న విషయం దొరకాలంటే, ప్రతి ఒక్కళ్లూ తమ దగ్గర ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. "ఇది నా భాగం, ఇక్కడ ఇలా అయింది" అని నోరు తెరవాలి. తల తీసేస్తారన్న భయం ఉన్నచోట ఎవరైనా అలా చెప్తారా? ఎవరి ఫైల్ వాళ్లు దాచుకుంటారు. ధావన్ గారు ప్రెస్ ముందు నింద తన మీద వేసుకున్నారు కాబట్టి, లోపల టీమ్ అంతా నింద గురించి ఆలోచించడం మానేసి వాల్వ్ గురించి ఆలోచించగలిగింది. నాకైతే ఈ కథలో అసలు పాఠం ఇక్కడే కనిపిస్తుంది.

దీనికి రివర్స్‌లో జరిగిన కథ కూడా ఉంది. అది కూడా రాకెట్‌దే. 1986 జనవరి 27 సాయంత్రం, అమెరికా. మర్నాడు ఛాలెంజర్ స్పేస్ షటిల్ వెళ్లాలి. చలి విపరీతంగా ఉంది. పక్కన ఉండే బూస్టర్లు తయారు చేసిన మోర్టన్ థియోకాల్ కంపెనీ ఇంజనీర్లు ఫోన్ మీటింగ్‌లో గట్టిగా చెప్పారు. రోజర్ బోయిజొలీ అనే ఇంజనీర్ అందులో ముఖ్యుడు. "ఇంత చలిలో రబ్బరు ఓ-రింగులు సరిగ్గా సీల్ అవ్వకపోవచ్చు, ప్రయోగం వద్దు" అన్నారు. నాసా వాళ్లకి ఆ మాట నచ్చలేదు. కంపెనీ మేనేజర్లు కాసేపు పక్కకి వెళ్లి మాట్లాడుకుని, వాళ్ల ఇంజనీర్ల మాట పక్కన పెట్టి, ప్రయోగానికి ఓకే అనేశారు. మర్నాడు పైకి లేచిన 73 సెకన్లకి షటిల్ ముక్కలైపోయింది. ఏడుగురు చనిపోయారు. అందులో ఒక స్కూల్ టీచర్ కూడా ఉన్నారు.

ఆ ఇంజనీర్లకి తెలివి తక్కువా? డెడికేషన్ తక్కువా? ఏదీ తక్కువ కాదు. విషయం వాళ్లకి తెలుసు, చెప్పారు కూడా. చెప్పిన మాటకి విలువ లేకుండా పోయింది. ఒక్కసారి అలా జరిగితే, తర్వాతిసారి ఆ టీమ్‌లో చెయ్యి ఎత్తేది ఎవరు?

మీరు అనొచ్చు, "బ్రో, మాది రాకెట్ కాదు, పేమెంట్ యాప్" అని. సరే, ఆఫీస్ లెక్కలోకే వద్దాం. హార్వర్డ్‌లో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే ప్రొఫెసర్ ఉన్నారు. 1990ల్లో ఆవిడ హాస్పిటల్ టీమ్‌ల మీద స్టడీ చేశారు. మంచి టీమ్‌లలో మందుల తప్పులు తక్కువ ఉంటాయి అనుకుని మొదలుపెట్టారు. డేటా చూస్తే ఉల్టా వచ్చింది. మంచి టీమ్‌లలోనే తప్పులు ఎక్కువగా రికార్డయ్యాయి! ఏంటా అని తవ్వితే తేలిందేంటంటే, ఆ టీమ్‌లలో జరిగిన తప్పుని బయటికి చెప్తున్నారు. మిగతా చోట్ల దాచేస్తున్నారు. దీన్నే ఆవిడ తర్వాత సైకలాజికల్ సేఫ్టీ అన్నారు. తెలుగులో చెప్పాలంటే, తెలీదని చెప్పినా, తప్పైందని చెప్పినా ఇక్కడ పరువు పోదు అన్న భరోసా. తర్వాత గూగుల్ వాళ్లు ప్రాజెక్ట్ అరిస్టాటిల్ అని పేరు పెట్టి, తమ కంపెనీలోనే 180 పైగా టీమ్‌లని చూశారు. కొన్ని టీమ్‌లే ఎందుకు బాగా పనిచేస్తున్నాయి అని. లిస్ట్‌లో మొదటి స్థానంలో వచ్చింది ఈ భరోసానే.

ఇప్పుడు నేను చూసింది చెప్తాను. జాబ్ చేసేటప్పుడు ఇద్దరు లీడ్స్ కింద పని చేశాను. పేర్లు వద్దు, కంపెనీలు వద్దు. మొదటాయన ప్రతి స్టాండప్‌లో "ఎందుకు అవలేదు? ఎందుకు అవలేదు?" అని అందరి ముందు నిలదీసేవాడు. దాంతో ఏమైంది? టీమ్ మొత్తం ఒకే మాట నేర్చుకుంది: "ఆల్మోస్ట్ డన్, 90 పర్సెంట్ అయిపోయింది." ఆ 90 పర్సెంట్ రెండు వారాలైనా 90 దగ్గరే ఉండేది. ఒకసారి మా టీమ్‌మేట్‌కి డేటా మైగ్రేషన్‌లో కొన్ని రికార్డులు మిస్ అవుతున్నాయని బుధవారమే తెలిసింది. చెప్పింది ఎప్పుడో తెలుసా? శుక్రవారం రాత్రి, రిలీజ్ మధ్యలో. బుధవారం చెప్తే రెండు గంటల పని. శుక్రవారం అది మా అందరి వీకెండ్.

రెండో ఆవిడ దగ్గర ఒకరోజు రాత్రి ప్రొడక్షన్ డౌన్ అయింది. ఒక ఫ్రెషర్ పెట్టిన కాన్ఫిగ్ వల్ల. బ్రిడ్జ్ కాల్‌లో క్లయింట్ వైపు పెద్దాయన అడిగాడు, "ఎవరు చేశారిది?" అని. ఆవిడ ఒక్కటే మాట అంది: "ఇది మా టీమ్ రిలీజ్, బాధ్యత నాది. ముందు సర్వీస్ పైకి తెద్దాం, కారణం రేపు రిపోర్ట్‌లో ఇస్తాను." మ్యూట్ చేసి ఆ అబ్బాయితో, "నువ్వు ఏమేం మార్చావో మొదటి నుంచి చెప్పు, కంగారు పడకు, కాల్‌లో నేనున్నా" అంది. వాడు వణుకుతూనే వరసగా చెప్పాడు. ఇరవై నిమిషాల్లో రోల్‌బ్యాక్ అయిపోయింది. భయపడి దాచి ఉంటే తెల్లారేదాకా లాగ్స్ వెతికేవాళ్లం. మర్నాడు ఆవిడ వాడికి పనిష్‌మెంట్ ఇవ్వలేదు, పని ఇచ్చింది. "ఇలాంటి కాన్ఫిగ్ ఎవరు పెట్టినా ముందే పట్టుకునే చెక్ నువ్వే రాయి" అంది. రాశాడు. ఆ తర్వాత ఏ రిలీజ్‌లో అయినా "అక్కా, ఇక్కడ రిస్క్ ఉంది" అని మొదట చెప్పేది వాడే. ఆవిడ ఆ కుర్రాడికి ఎప్పుడూ మోటివేషన్ స్పీచ్ ఇవ్వలేదండీ.

ఇక రెండో చిల్లు, క్రెడిట్. మళ్లీ శ్రీహరికోటకి వెళ్దాం. 1980 జూలై 18. అదే ఎస్‌ఎల్‌వి-3, అదే టీమ్. ఏడాది కూడా నిండలేదు. ఈసారి 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టేసింది. మన దేశం సొంత రాకెట్‌తో ఉపగ్రహాన్ని పంపడం అదే మొదటిసారి. మళ్లీ ప్రెస్ మీట్. ధావన్ గారు కలాం గారిని పిలిచి, "ఈ రోజు మీరు మాట్లాడండి" అన్నారు. ఓడిన రోజు మైక్ తన చేతిలో, గెలిచిన రోజు మైక్ టీమ్ చేతిలో. ధావన్ గారు 2002లో చనిపోయాక శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరే పెట్టారు. ఇప్పుడు రాకెట్ వెళ్లిన ప్రతిసారీ టీవీలో వినిపించే సతీష్ ధావన్ స్పేస్ సెంటర్ అదే.

మన దగ్గర మైక్ అంటే ఏంటి? క్లయింట్ డెమో. పైవాళ్లకి వెళ్లే మెయిల్. అప్రైజల్ మీటింగ్. పని చేసింది ఒకళ్లు, డెమో ఇచ్చేది లీడ్. ఇది చాలాచోట్ల అలవాటైపోయింది. దీనికి పైసా ఖర్చు లేని మందు ఉంది. ఎవరు చేశారో వాళ్లతోనే డెమో ఇప్పించండి. ఇంగ్లీష్ తడబడుతుందా? ముందురోజు మీరు పక్కన కూర్చుని రెండుసార్లు ప్రాక్టీస్ చేయించండి. మెయిల్‌లో "టీమ్ వర్క్" అని గుండుగుత్తగా రాయకండి. "ఈ రిపోర్ట్ నలభై సెకన్ల నుంచి ఆరు సెకన్లకి తగ్గింది, చేసింది ఫలానా" అని పేరు పెట్టి, పని పెట్టి రాయండి. "గుడ్ జాబ్" అని బొటనవేలు ఎమోజీ పెట్టడం కంటే, మీరు ఏం చూశారో చెప్పడం ముఖ్యం. నా పనిని ఒకళ్లు నిజంగా చూశారు అన్న ఫీలింగ్ చాలా రోజులు ఉంటుంది.

మూడో చిల్లు, "ఎందుకు" అనేది తెలియకపోవడం. ఈ టికెట్ చెయ్, ఆ టికెట్ చెయ్. ఎవరి కోసం? తెలీదు. దీని మీద ఒక మంచి ప్రయోగం ఉంది. ఆడమ్ గ్రాంట్ అనే సైకాలజిస్ట్, ఒక యూనివర్సిటీ కాల్ సెంటర్‌లో చేశారు. అక్కడివాళ్ల పని ఏంటంటే, పాత స్టూడెంట్స్‌కి ఫోన్ చేసి విరాళాలు అడగడం. రోజంతా "వద్దండి, బిజీ అండి" అనే మాటలే వినాలి. ఆ డబ్బు విద్యార్థుల స్కాలర్‌షిప్‌కి వెళ్తుంది. కొంతమంది కాలర్స్‌ని, అలా స్కాలర్‌షిప్‌తో చదువుకుంటున్న ఒక స్టూడెంట్‌తో ఐదు నిమిషాలు కూర్చోబెట్టారు. అంతే, ఐదే నిమిషాలు. నెల తర్వాత చూస్తే, వాళ్లు ఫోన్ మీద గడిపే సమయం 142 శాతం పెరిగింది, తెచ్చిన డబ్బు 171 శాతం పెరిగింది. కలవని వాళ్లలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. గమనించండి, ఆ ఐదు నిమిషాలు బాస్ మాట్లాడలేదు. ఆ పని వల్ల బాగుపడ్డ మనిషి మాట్లాడారు.

మీ యాప్ వాడే కిరాణా షాపాయన ఉంటాడు కదా. మీ టీమ్‌లో ఎంతమంది ఆయన్ని చూశారు? కస్టమర్ సపోర్ట్‌కి వచ్చిన ఒక కాల్ రికార్డింగ్ ఉంటే, పర్మిషన్ తీసుకుని టీమ్‌కి వినిపించండి. "మీ యాప్‌లో డబ్బులు కట్ అయ్యాయి, నా షాప్ ముందు కస్టమర్ గొడవ పడుతున్నాడు" అని ఒక మనిషి గొంతు వింటే, ఆ బగ్ ఇక ఒక టికెట్ నంబర్‌లా అనిపించదు.

సరే, ఇప్పుడు మీ మనసులో రెండు ప్రశ్నలు తిరుగుతుంటాయి, నాకు తెలుసు.

ఒకటి, "ఇవన్నీ బాగున్నాయి అన్నా, హైక్ సంగతేంటి?" కరెక్టే. ఈఎంఐలు ఉన్నాయి, ఇంటి అద్దె ఉంది. జీతం న్యాయంగా లేకపోతే నేను చెప్పినవేవీ పనిచేయవు. హెర్జ్‌బర్గ్ అనే సైకాలజిస్ట్ 1959లోనే ఒక పుస్తకంలో ఇది రాశారు. జీతం, పని పరిస్థితులు బాగోకపోతే మనిషికి అసంతృప్తి వస్తుంది. కానీ అవి బాగున్నంత మాత్రాన పని మీద ఇష్టం పుట్టదు, అది పనిలోంచి, గుర్తింపులోంచి, ఎదుగుదలలోంచి రావాలి. కాబట్టి లీడ్‌గా మీ చేతిలో ఉన్నది చేయండి. రేటింగ్ మీటింగ్‌లో మీ వాళ్ల కోసం ఆధారాలతో కొట్లాడండి. రాకపోతే దాచకుండా చెప్పండి: "అడిగాను, ఇవ్వలేదు, కారణం ఇది." రాని హైక్‌ని వస్తుందని ఊరించడం మాత్రం వద్దు. అప్పటిదాకా సంపాదించుకున్న నమ్మకం ఆ ఒక్క అబద్ధంతో పోతుంది.

రెండు, "భయం లేకపోతే పని చేస్తారా?" దీనికి జవాబు ధావన్ గారి మాటలోనే ఉంది. ఆయన "పర్లేదులే, ఎప్పుడైనా చేయండి" అనలేదు. ఏడాది అన్నారు, దేశం ముందు అన్నారు. టార్గెట్ ఒక్క అంగుళం కూడా తగ్గించలేదు. మనిషికి భరోసా ఇచ్చారు, పనికి గడువు పెట్టారు. మన దగ్గర చాలామంది లీడ్స్ ఇందులో ఒకటే చేస్తారు. కొందరు అందరితో మంచిగా ఉండాలని పని వదిలేస్తారు. కొందరు పని కావాలని మనిషిని నలిపేస్తారు. రెండూ కలిపి చేయడం కష్టం. కానీ లీడ్ అని పేరు పెట్టి మీ చేతికిచ్చిన పని అదే.

ఈ వారం నుంచి మొదలుపెట్టడానికి మూడు పనులు చెప్తాను. స్టాండప్‌లో "ఎందుకు అవలేదు?" అనే బదులు "ఎక్కడ ఆగింది, నేనేం చేయాలి?" అని అడగండి. ఎవరైనా చెడు వార్త తెస్తే, మొదట "ముందే చెప్పావు, మంచిదైంది" అనండి, ఆ తర్వాతే మిగతా మాట. ఆ మొదటి పది సెకన్లలో మీ మొహం ఎలా ఉందో టీమ్ మొత్తం గుర్తుపెట్టుకుంటుంది. మూడోది, నెలకోసారి ఒక్కొక్కళ్లతో విడిగా అరగంట కూర్చోండి, టికెట్ల గురించి కాకుండా. "నీకు ఏం నేర్చుకోవాలని ఉంది? నా వల్ల నీ పనికి ఎక్కడ అడ్డం వస్తోంది?" ఈ రెండు అడిగి, నోరు మూసుకుని వినండి.

ఇంకా లీడ్ అవ్వని వాళ్లకి కూడా ఒక మాట. మీ పక్కన కూర్చున్న జూనియర్‌కి మీరే లీడర్. వాడు "ఈ డౌట్ అడిగితే నవ్వుతారేమో" అని ఆగిపోతున్నప్పుడు, మీరే ముందు ఆ డౌట్ అడిగేయండి.

ఇదంతా కంపెనీ లాభం కోసం అనుకోకండి. మెలకువగా ఉండే టైమ్‌లో చాలా భాగం మనం పనిలోనే గడుపుతాం. ఆదివారం సాయంత్రం అయ్యేసరికి రేపటి స్టాండప్ గుర్తొచ్చి, అన్నం సరిగ్గా తినలేని వాళ్లు ఎంతోమంది ఉన్నారు. మీ కింద ఐదుగురు ఉన్నారంటే, ఐదు ఇళ్లలో ఆదివారం సాయంత్రం ఎలా ఉంటుందనేది కొంత మీ చేతిలో ఉంది. లీడ్ అయ్యారని మెయిల్ వచ్చినప్పుడు ఈ విషయం అందులో రాయరు కాబట్టి, నేను చెప్తున్నా.

మీ లీడ్‌కి ఈ వీడియో పంపాలనిపిస్తే పంపండి, కాకపోతే కొంచెం చూసుకుని పంపండి! వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. ఉంటాను, జాగ్రత్త.